పెరటాసిలో వైన్ పరీక్ష

పెరటాసి శనివారాల్లో మా అవ్వ నలభై మందికి వండేది. పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం, వడలు, అండా నిండా సాంబారు. ఇన్ని వండినా ఒక్క మెతుకు నోట్లో వేసుకొని ఉప్పు చూసేది కాదు. పెరుమాళ్ళకు నైవేద్యంగా పెట్టే తళిగను ముందు మనిషి నాలుకకు తగిలిస్తే ఎంగిలి కాదా? అందుకని మూత కొంచెం పక్కకు జరిపి, పైకొచ్చే ఆవిరిని అరచేత్తో తనవైపు తోసుకొని, కళ్ళు మూసుకొని ఒక్క క్షణం ఉండేది. "ఇంకొంచెం పడాల" అనేది, లేకపోతే మూత పెట్టేసేది. నేను పెరిగినన్నాళ్ళూ ఒక్క శనివారం కూడా ఉప్పు తప్పింది లేదు. ఉప్పుకు వాసన ఉండదని బళ్ళో సైన్సు అయ్యవారు చెప్పినప్పుడు నేను ఆయన్ని జాలిగా చూశాను.

మాది కోడంబాక్కం. రైల్వే స్టేషన్ వెనక సందులో వరసగా ఉండే ఇళ్ళలో ఒకటి. మా తెలుగు నాయుళ్ళు ఈ వైపు వచ్చి నాలుగు వందల ఏళ్ళయిందని నాయన అంటారు, ఎవరు లెక్కపెట్టారో తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. నాయన సినిమా స్టూడియోల్లో సెట్లు కట్టే వడ్రంగి, అమ్మ అక్కడే బట్టలు కుట్టేది. ఇద్దరూ పొద్దున పోతే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. కాబట్టి ఇల్లూ, వంటిల్లూ, నేనూ మొత్తం అమ్మణి అవ్వ చేతిలో పెరిగాం.

తమిళుల లెక్కలో పెరటాసి అంటే సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా. మాలాంటి ఇళ్ళలో ఆ నెలంతా నీచు ముట్టరు. నా విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆరేళ్ళప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చి ఇక లేవననుకున్నప్పుడు అవ్వ మొక్కుకుంది. వీడు లేస్తే బతికినన్నాళ్ళూ పెరటాసిలో నామం పెట్టుకొని, చెంబు పట్టుకొని, ఏడు ఇళ్ళు గోవిందా అని అడిగి బియ్యం తెస్తాడు, ఆ నెలలో నీచుగానీ మత్తుగానీ వీడి నాలుకకు తగలదు అని. ఆరేళ్ళ పిల్లవాడి తరఫున సారాయి ముట్టనని మాటిచ్చిన మనిషి లోకంలో మా అవ్వ ఒక్కతే అయ్యుంటుంది. కానీ నేను లేచాను. లేచిన తర్వాత మొక్కు మొక్కే కదా.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. 1997. మద్రాసు పేరు చెన్నై అని మారి ఏడాదైనా మా ఇంట్లో ఇంకా మద్రాసే. నేను ఒక పెద్ద హోటల్లో కాఫీ షాపులో స్టూవార్డుని. మూడేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను. ఆ ఏడు ఎనిమిదో అంతస్తులో కొత్త రెస్టారెంటు తెరుస్తున్నారు, అందులో విదేశీ వైన్లు పోస్తారు. దానికోసం మాలో పన్నెండు మందిని ఎంచి, లండన్ వాళ్ళెవరో ఇచ్చే మొదటి మెట్టు సర్టిఫికెట్‌కి కూర్చోబెట్టారు. పాసైన వాళ్ళకి ఎనిమిదో అంతస్తులో పర్మనెంటు ఉద్యోగం. తప్పినవాళ్ళ కాంట్రాక్టు డిసెంబరుతో సరి. నాయనకు అప్పటికే నడుము పట్టేసి సెట్ల పని తగ్గింది. ఆ ఉద్యోగం నాకు కావాలి, వేరే మాట లేదు.

బొంబాయి నుంచి వచ్చిన మేడమ్ ఒకావిడ పాఠం చెప్పేది. పొట్టి జుట్టు, గట్టి గొంతు, నవ్వు అసలే లేదు. మొదటి రోజే బోర్డు మీద పరీక్ష తేదీ రాసింది. అక్టోబరు నాలుగు, శనివారం. నేను మనసులో లెక్క వేసుకున్నాను. పెరటాసి మూడో శనివారం. క్లాసులు కూడా పూర్తిగా పెరటాసిలోనే.

జెబ నా పక్కన కూర్చునేవాడు. తొండియార్‌పేట వాడు, హార్బరు దగ్గర పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవుడు, మా బ్యాచిలో నాకున్న ఒకే ఒక స్నేహితుడు. నా గోడు విని తేలిగ్గా తీసేశాడు.

"ఏందిరా మచ్చీ నీ తొల్ల. నోట్లో పోసుకో, పుక్కిలించు, బకెట్లో ఉమ్మెయ్. మింగలేదు కదా. మీ పెరుమాళ్ళు బకెట్లో తొంగి చూస్తాడా?"

"నాలుకకు తగలకూడదని మొక్కు, జెబా. మింగకూడదని కాదు."

"మీ అవ్వ లాయరు కావాల్సింది" అన్నాడు.

మూడు రోజులు నటించాను. అందరితోపాటు గ్లాసు ఎత్తడం, పెదాలు బిగించుకోవడం, మేడమ్ అటు తిరగగానే బకెట్లో పోసెయ్యడం. జిరాక్స్ నోట్సు చూసి, పక్కవాళ్ళు చెప్పింది విని రాసుకోవడం. అందని ద్రాక్ష పుల్లన అంటారు. అందిన ద్రాక్ష పులుపో తీపో తెలియక చావడం నా వంతైంది. నాలుగో రోజు పొద్దున ఇక లాభం లేదని అవ్వ దగ్గరికి పోయాను. ఆవిడ వెనక మెట్ల మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, నాకొక పరీక్ష ఉండాది."

"చదువు ఐపాయ కదరా. ఇంకేం పరీక్ష?"

"ద్రాక్ష సారాయి పరీక్ష."

అవ్వ చెయ్యి ఆగలేదు. గింజ తీసి పక్కన పడేసింది. నేను చేసేది ఉత్త కాఫీ హోటలు పనని ఆవిడ నమ్మకం. నేను ఎప్పుడూ దిద్దలేదు. ఇప్పుడు అంతా చెప్పాను, ఎనిమిదో అంతస్తు, కాంట్రాక్టు, మూడో శనివారం, అన్నీ. తిట్టు పడుతుందని వీపు గట్టి చేసుకొని కూర్చున్నాను.

"పాసు కాకుంటే?" అంది.

"డిసెంబరుకి ఇంటికి పంపించేస్తారు."

"వాళ్ళు ఏమేం అడుగుతారు ఆడ?"

"గ్లాసులో ఏ పండు వాసన వస్తాది, ఎంత పులుపు, ఎంత తీపి, ఏ కొయ్య పీపాలో ఊరింది, సరుకు మంచిదా కాదా, అన్నీ చెప్పాల."

"అంతేనా? దానికి నోరెందుకు?" అంది అవ్వ. "యాభై ఏళ్ళుగా నేను నోట్లో వేసుకొనే వండినానా? దేవుడు ముక్కు దేనికి పెట్టినాడు, ముక్కుపుడక్కి మాత్రమేనా?"

ఆ రోజు నుంచి నాకు రెండు క్లాసులు. మధ్యాహ్నం హోటల్లో మేడమ్‌ది, పొద్దున వెనక మెట్ల మీద అవ్వది. మేడమ్ నయం.

అవ్వ నా కళ్ళకు తుండు కట్టేది. ముక్కు కింద ఏదో పెట్టి "చెప్పు" అనేది. మొదటి రోజు మిరియాలకీ తోక మిరియాలకీ తేడా చెప్పలేకపోయాను. కొత్త చింతపండుకీ పాతదానికీ తప్పు చెప్పాను. పచ్చి జామకాయకీ దోర జామకాయకీ కూడా. తప్పు చెప్పినప్పుడల్లా మోకాలి మీద గరిటె కాడతో ఒక దెబ్బ పడేది. ఇరవై నాలుగేళ్ళ మగవాణ్ణి, నెలజీతం తెచ్చేవాణ్ణి, మెట్ల మీద కళ్ళకు గంతలతో కూర్చుని దెబ్బలు తినడం గోడ మీంచి పక్కింటి చిన్నస్వామి తాత చూసి నవ్వేవాడు.

"ఊహించొద్దు. వాసన చూడు" అనేది అవ్వ. ఆమె పాఠమంతా ఆ రెండు మాటలే. నేను తొందరపడి ఏదో ఒకటి అనేస్తానని ఆవిడకు తెలుసు.

పులుపుకు ఒక కిటుకు చెప్పింది. వాసన చూడగానే నాలుక కింద నీళ్ళు ఊరతాయి, ఎంత ఊరితే అంత పులుపు. ఉప్పు సంగతి నేనే అడిగాను, చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానం కదా.

"ఉప్పుకు వాసన లేదనే చెప్పినాడా మీ అయ్యవారు? నిజమే చెప్పినాడు" అంది. "ఉప్పు తనకు తాను వాసన రాదు. అది చాలకుంటే సాంబారులో పప్పు ఒక పక్క నిలబడతాది, చింతపండు ఒక పక్క నిలబడతాది, కాయ ఒక పక్క. అత్తా కోడళ్ళ మాదిరి. ఉప్పు సరిగ్గా పడితే అన్నీ ఒక్క వాసనగా వస్తాయి. ఎక్కువైతే ఆ ఒక్క వాసన కూడా అణిగిపోతాది. నువ్వు ఉప్పును వెతకొద్దు, మిగిలినవి ఎట్ట ఉండాయో చూడు."

ఇప్పటికి వైన్ గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. దీనికంటే ఉపయోగపడే మాట ఒక్కటి కనబడలేదు.

జెబ విందుల డ్యూటీలో సీసాల కార్కులు ఏరి పాల కవరులో వేసి నాకిచ్చేవాడు. పెరటాసిలో వాటిని ఇంట్లోకి తేవడానికి అవ్వ ఒప్పుకోలేదు. వెనక బట్టలుతికే రాయి మీద పెట్టించి, వేళ్ళతో ముట్టకుండా పొయ్యి దగ్గరి పట్టకారుతో పట్టుకొని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకొనేది. పాఠం అయ్యాక తలస్నానం. చింతపండు, మిరియాలు తనే పెట్టేది కాబట్టి జవాబు తనకు తెలుసు. కార్కుల దగ్గర మాత్రం "నువ్వు చెప్పు ముందు" అనేది. నేను చెప్పాక తల ఊపి "ఆఁ, అదే" అనేది.

"ఇందులో బ్లాక్‌బెర్రీ రావాలని నోట్సులో ఉండాది" అన్నానొకసారి.

"అదేం పండు?"

"నేనూ చూడలేదు."

"చూడని పండు వాసన నీకు ఎట్ట తెలుస్తాదిరా? నీకు ఏం వస్తాదో అది చెప్పు."

కళ్ళు మూసుకుంటే నేరేడు పండు నలిగిన వాసన వచ్చింది. నోట్సులో బ్లాక్‌బెర్రీ పక్కన నేరేడు అని రాసుకున్నాను. అట్లా నోట్సంతా నా తెలుగు పళ్ళతో నిండిపోయింది. ఒక కార్కులో ఏదో బాగా తెలిసిన వాసన, ఎంతకీ పేరు దొరకలేదు. సాయంత్రం నాయన పని నుంచి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే దొరికింది. కొత్తగా కోసిన కొయ్య పొట్టు. పీపాలో ఊరిన వైన్ అని మేడమ్ అన్నది దీన్నే. ఆ చొక్కా దగ్గర నిలబడి వాసన చూస్తుంటే నాయన "ఉతకాలంటే మీ అమ్మకు చెప్పరా" అన్నారు.

ఇంకొకటి విందులో ఎవరో అతిథికి పోసిన ఎర్రవైన్ సీసా కార్కు. ముక్కు దగ్గర పెట్టగానే మొహం తిప్పుకున్నాను. తడిసి ఆరని గోనెసంచీ. నా చిన్నప్పుడు అవ్వ పురసవాక్కం టోకు కొట్లో కొన్న చింతపండు బస్తాకి సరిగ్గా ఇదే వాసన. వానలో తడిపి ఆరబెట్టి అమ్మాడని పోట్లాడి, రిక్షాలో బస్తా వెనక్కి పట్టుకెళ్ళి మార్పించి తెచ్చింది. ఆ రిక్షాలో బస్తా మీద నేనే కూర్చున్నాను. అవ్వకు ఆ మాట చెబితే నవ్వింది. "అట్నే అయితే ఆ సీసా చెడిపోయింది. తాగినాయన ఎవరో పాపం" అంది. జెబను అడిగితే ఆ పెద్దమనిషి భేష్ అని తాగి, వెళ్ళేటప్పుడు టిప్పు కూడా ఇచ్చాడట.

ఒక్కరోజు మాత్రం వింత జరిగింది. తెల్లవైన్ కార్కు ఒకటి పట్టకారుతో ముక్కు దగ్గర పెట్టుకొని "ఇది ఉత్త బెండు, దీంట్లో ఏమీ లేదు" అంది అవ్వ. నాకు దూరానికే పచ్చిమామిడికాయ కోసినంత ఘాటుగా వస్తోంది. నన్ను పరీక్షిస్తోందనుకొని "లేదవ్వా, పచ్చిమామిడి" అన్నాను. "ఆఁ, నువ్వు చెప్తావా లేదా అని చూసినా" అంది. నేను మురిసిపోయాను.

ఫ్రెంచి పేర్లు, ఊళ్ళు, ద్రాక్ష రకాలు బట్టీ పట్టడానికి వేళ చాలేది కాదు. శనివారాల్లో నామం పెట్టుకొని ఇత్తడి చెంబుతో సందులో ఏడు ఇళ్ళూ తిరిగేటప్పుడు ఒక గడపకీ ఇంకో గడపకీ నడుమ వాటిని వల్లించాను. మూడో ఇంటి గుమ్మంలో నోట్లో షార్డొనే అనే ద్రాక్ష పేరు ఉండగానే గోవిందా అని అరవాల్సి వచ్చి, షార్డొనే గోవిందా అనేశాను. ఆ ఇంటావిడ దోసెడు బియ్యం పోసి "నామం కొత్తగా ఉందే, ఏ దివ్యదేశపు పెరుమాళ్ళది?" అని తమిళంలో అడిగింది. ఫ్రాన్సులో ఆ ద్రాక్ష పండే బర్గండి అని చెబుదామా అనిపించింది.

పరీక్ష రోజు అవ్వ తెల్లవారకముందే లేచి తళిగ వంట మొదలుపెట్టింది. నేను స్నానం చేసి వస్తే నామం పెట్టి, దేవుడి ముందు నిలబెట్టి తీర్థం పోసింది. తులసి, పచ్చకర్పూరం కలిపిన నీళ్ళు. మూడుసార్లు పుచ్చుకొని, చేతిలో మిగిలింది కళ్ళకద్దుకొని తలకు రాసుకున్నాను. కర్పూరం చలవ ముక్కులో నుంచి తలకెక్కింది. ఆ పొద్దు కొంచెం ఘాటుగా ఉందనిపించింది, పరీక్ష అని అవ్వ ఒక పలుకు ఎక్కువ వేసిందేమో అనుకున్నాను.

"ఎన్ని గంటలకు వస్తావు?" అంది.

"రెండు మూడు అవుతాది. మీరు తళిగ వేసేసి తినండి."

"నువ్వు పోయిరా" అంది.

బస్సులోనే నామం తుడుచుకున్నాను, హోటల్లో ఒప్పుకోరు. రాత పరీక్ష ఫరవాలేదు. తర్వాత పొడవాటి బల్లల మీద తెల్లటి కాగితాలు పరిచి ఒక్కొక్కరి ముందు మూడు గ్లాసులు పెట్టారు, రెండు తెల్లవి, ఒకటి ఎర్రది. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చకర్పూరం. రెండోదీ పచ్చకర్పూరమే. మూడోది కూడా. ఒక క్షణం నిజంగానే పెరుమాళ్ళు మూడు గ్లాసుల్లోనూ వెలిశాడేమోనని భయపడ్డాను. తర్వాత నా వేళ్ళు వాసన చూసుకుంటే తెలిసింది. సెంటు పూసుకోవద్దు, తలకు నూనె పెట్టుకోవద్దు అని మేడమ్ పదిసార్లు చెప్పింది. తీర్థం తలకు రాసుకోవద్దని ఆవిడకు చెప్పడం తెలియదు, నాకు తట్టలేదు.

చెయ్యెత్తి, కడుక్కొని వస్తానన్నాను. ఐదు నిమిషాలు ఇచ్చింది. బాత్‌రూములో సబ్బు చూస్తే మల్లెపూల వాసన, అది పూసుకుంటే ముక్కుకు ఇంకో ముసుగు. ఇంగువ కొట్టిన తర్వాత అవ్వ చేతులు బియ్యంలో పెట్టి రుద్దుకోవడం గుర్తొచ్చింది. స్టోరుకు పరుగెత్తి బియ్యం డబ్బాలో మోచేతుల దాకా చేతులు పెట్టి రుద్దుకున్నాను. కుళాయి కింద తల పెట్టి ఉత్త నీళ్ళతో కడుక్కున్నాను. తడి జుట్టుతో, చొక్కా కాలరు కారుతూ వచ్చి కూర్చుంటే జెబ నోరు మూసుకొని నవ్వు ఆపుకున్నాడు.

ఇప్పుడు మొదటి గ్లాసు తేటగా మాట్లాడింది. పచ్చిమామిడి, దోర జామ. నాలుక కింద నీళ్ళు ఊరాయి, పులుపు ఎక్కువ అని రాశాను. రెండోది వెన్న కాచే వాసన, దాని వెనక నాయన చొక్కా. వెన్న, కొయ్య పీపా అని రాశాను. మూడోది ఎర్రది. అది ముక్కు దగ్గర పెట్టుకున్నాక పెన్ను ఆగిపోయింది. తడిసి ఆరని గోనె.

చుట్టూ చూశాను. అందరూ నోట్లో పుక్కిలించి ఉమ్మి గబగబా రాస్తున్నారు. జెబ నావైపు చూసి బొటనవేలు పైకెత్తాడు, బ్రహ్మాండంగా ఉందని. మేడమ్ తానే తెరిచి తానే పోసిన సీసా. అది చెడిపోయిందని రాస్తే, కాకపోతే ఆ గ్లాసు మార్కులన్నీ పోతాయి, పరీక్ష పోతుంది, డిసెంబరుకి నాయన పక్కన నేనూ ఇంట్లో కూర్చోవాలి. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే అనుమానం తీరిపోతుంది. ఎవరు చూస్తారు? గ్లాసు పెదవికి ఆనించాను కూడా. చల్లగా తగిలింది.

మోకాలి మీద గరిటె దెబ్బ తగిలినట్టు అనిపించింది. ఊహించొద్దు, వాసన చూడు. గ్లాసు దించి, కళ్ళు మూసుకొని మళ్ళీ చూశాను. రిక్షాలో నేను కూర్చున్న బస్తా. నేరేడు పండు ఉందిగానీ ఆ గోనె కింద ఎక్కడో అణిగిపోయి ఉంది. పండు పేర్లు రాయాల్సిన గడిలో ఇంగ్లీషులో రాశాను, ఈ సీసా చెడిపోయింది, తడి గోనెసంచీ వాసన వస్తోంది, అతిథికి పోయకూడదు అని. వగరు ఎంత అన్నదానికి మాత్రం నా దగ్గర కిటుకు లేదు. మధ్యలో ఏదో టిక్కు పెట్టాను.

కాగితాలు దిద్దేటప్పుడు మేడమ్ నన్ను పిలిచింది. నా బల్ల మీది మూడు గ్లాసులూ ఆవిడ ముందున్నాయి. పోసింది పోసినట్టే ఉంది.

"నువ్వు తాగలేదు" అంది ఇంగ్లీషులో.

"లేదు మేడమ్. ఇది మాకు మొక్కు నెల."

"మరి రుచి గడులు ఎలా నింపావు?"

వాసనతో అన్నాను. ఆవిడ నా ఎర్రవైన్ కాగితం మళ్ళీ చదివింది. సీసా తీసుకొని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. అప్పుడు చేతిరుమాలు తీసి ముక్కు చీదింది. ఆ గట్టి గొంతు కొంచెం తగ్గింది.

"మూడు రోజులుగా నాకు జలుబు" అంది. "ఎవరికీ చెప్పలేదు."

హోటలు కిచెన్ నుంచి పెద్ద షెఫ్‌ని పిలిపించి వాసన చూపించింది. ఆయన మొహం చిట్లించాడు. ఆ గ్లాసు వాసన గడులకు నాకు పూర్తి మార్కులు పడ్డాయి. మిగిలిన పదకొండు మందికి ఇంకో సీసా తెరిచి మళ్ళీ పెట్టింది, జెబ ఆనందంగా రెండోసారి పుక్కిలించాడు. కానీ ఆవిడ నియమం ఆవిడదే. తాగని రుచికి మార్కు వెయ్యనంది, నా పులుపు సరైనదైనా సరే. నూటికి అరవై రెండు వచ్చాయి. అరవైకి పాసు. నా ప్రాణం కుదుటపడింది.

బస్సులో వస్తూ అవ్వతో దెబ్బలాడాలనుకున్నాను, నీ కర్పూరం నా కొంప ముంచేసింది అని. సందు మలుపు తిరిగేసరికి మూడున్నర. మా అరుగు మీద జనం కూర్చుని ఉన్నారు. చిన్నస్వామి తాత కడుపు పట్టుకొని "మీ అవ్వకు ఏమాయరా, ఇంకా తళిగ వెయ్యలా" అన్నాడు. లోపల దేవుడి ముందు అరిటాకు ఖాళీగా ఉంది. అవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"పాసైనా అవ్వా."

"మొక్కు?"

"తప్పలేదు."

"కాళ్ళు కడుక్కొని లోపలికి రా" అని, నేను రాగానే వంటింటి తలుపు దగ్గరగా వేసింది. సాంబారు అండా సన్నని మంట మీద ఉంది. మూత పక్కకు జరిపి "చూడు" అంది.

"ఏం చూడాల?"

"ఉప్పు. పొద్దున వేసినానో లేదో గుర్తు లేదు. రెండుసార్లు వేసినానేమో కూడా."

"నువ్వు చూడలేదా?"

అవ్వ నావైపు చూడలేదు. కొంగుతో అండా అంచు తుడిచింది. "ఆడిమాసం నుంచీ, రెండు నెలలుగా, నాకు ఏ వాసనా తెలీడం లేదురా. కాఫీ కూడా వేడినీళ్ళ మాదిరి ఉండాది. మొదటి రెండు శనివారాలూ చేతి అలవాటుతో లాక్కొచ్చినా. ఈ పొద్దు చెయ్యి మీద కూడా నమ్మకం లేకపాయ."

తీర్థంలో కర్పూరం ఎందుకు అంత పడిందో అప్పుడు తెలిసింది. ఉత్త బెండు అన్న కార్కు, నువ్వు చెప్పు ముందు అనడం, ఆఁ అదే అనడం, అన్నీ ఒక్కసారి వచ్చి గుండెకు తగిలాయి. నా వీపు మీద ఎక్కించుకొని తిప్పాల్సిన మనిషితో దెబ్బలాడటానికి బస్సులో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. నాకు నా మీద అసహ్యమేసింది.

"నాకెందుకు చెప్పలేదవ్వా? ఏ వాసనా తెలీకుండానే నాకు నేర్పించినావా?"

"మరి ఎందుకు నేర్పించినానని అనుకున్నావు?" అంది అవ్వ. "వాళ్ళ సారాయి కోసమా?"

నేను ఆవిరిని అరచేత్తో నావైపు తోసుకొని కళ్ళు మూసుకున్నాను. పప్పు ఒక పక్క, చింతపండు ఒక పక్క, మునక్కాయ ఒక పక్క. ఎవరి దారి వాళ్ళది.

"ఉప్పు పడలేదు."

"ఎంత పడాల?"

"పిడికెడు. ఇంకొంచెం."

పెరటాసిలో ఉప్పుజాడీ అవ్వ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు, అమ్మను కూడా. ఆ జాడీ తీసి నా చేతిలో పెట్టింది. వేశాను, కలిపాను, మళ్ళీ ఆవిరి చూశాను. ఇంకొంచెం వేశాను. మూడోసారి ఆ వాసన వచ్చింది, నేను పుట్టినప్పటి నుంచీ శనివారాల్లో ఇల్లంతా వచ్చే వాసన, అన్నీ కలిసి ఒకటిగా. మూత పెట్టేశాను. నా మొహం చూసి అవ్వకు సంగతి తెలిసిపోయింది.

ఆకులో తళిగ వేశాం. నేను గోవిందా అన్నాను, అరుగు మీద వాళ్ళంతా గోవిందా అన్నారు, ఆకలితో కాబట్టి గట్టిగానే. చిన్నస్వామి తాత ఏ వంటకైనా వంక పెట్టకుండా వదలని మనిషి. ఆయన సాంబారన్నం మొదటి ముద్ద తింటుంటే నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. రెండో ముద్ద తిన్నాడు. ఇంకొంచెం పొయ్యమని ఆకు చూపించాడు.

"అమ్మణమ్మా, ఇంత ఆలస్యం చేసినా నీ చెయ్యి నీ చెయ్యే. ఉప్పు ఎప్పటి మాదిరే" అన్నాడు.

అవ్వ ఆయన ఆకులో గరిటెడు సాంబారు పోసింది.

"ఈ పొద్దు ఉప్పు నేను వెయ్యలా. వాడు వేసినాడు" అంది, అందరికీ వినబడేటట్టు.

నేను వెనక మెట్ల మీదికి పోయి, బట్టలుతికే రాయి పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత అవ్వ ఇంకో నాలుగు పెరటాసులు ఉంది. ఎనిమిదో అంతస్తులో నేను ఏ పండగకీ సెలవు అడగలేదు, పెరటాసి శనివారాలు తప్ప. ఆవిడ వండేది, నేను ఉప్పు వేసేవాణ్ణి.